మీరు పెరిగిన ఇల్లు ఎలాంటిది?

పోయిన నెల ఈ పేజీలో ఒక చిన్న మాట రాశాను. నలభై దాటినవాళ్ళు ఎవరొచ్చినా బీపీ, షుగరు సంగతి అయ్యాక నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పదేళ్ళ వయసులో ఎలాంటి ఇంట్లో ఉండేవాళ్ళు? తాగే నీళ్ళు ఎక్కడివి? ఒక గదిలో ఎంతమంది పడుకునేవాళ్ళు? ఇవి ఎందుకు అడుగుతానంటే చిన్నప్పటి ఇంటి జాడ పెద్దయ్యాక ఒంట్లో కనిపిస్తుంది కాబట్టి అని రాశాను. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరైతే జబ్బు సంగతి రెండు ముక్కల్లో ముగించి ఇంటి సంగతి రెండు పేజీలు రాశారు. తాటాకు ఎన్నేళ్ళకోసారి మార్చేవాళ్ళో, ఏ గాలివానకు చూరు లేచిపోయిందో, అన్నీ గుర్తున్నాయి వాళ్ళకు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆసుపత్రుల్లో డాక్టరుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. నేనూ పొదిలి వైపు పల్లెలో, ఒంటి గది తాటాకింట్లో, పదకొండు మంది మధ్య పెరిగినదాన్నే. అందుకే ఈ నెల పేజీ మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. మాది కందుకూరు దగ్గర పల్లె. ఆరు నెలల క్రితం గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. బీడీ, సిగరెట్టు, మందు ఏ అలవాటూ లేదు. షుగరు లేదు, బీపీ ఉంది. మీరు రాసింది మా అబ్బాయి మా అమ్మకు చదివి వినిపించాడు. మేం తొమ్మిది మందిమి పూరింట్లో పెరిగాం. ఊరి బావి నీళ్ళు, అది ఎండితే చెరువు నీళ్ళు. అమ్మకు 78. "నేను పోసిన నీళ్ళే నీ గుండెకు చేటు చేశాయా నాయనా" అంటూ ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడం లేదు. నిజంగా ఆ ఇంటికీ ఇప్పటి నా గుండెకూ సంబంధం ఉందా? – కందుకూరు ప్రాంత పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు మీ అమ్మగారికి ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి. అమ్మా, మీరు మోసుకొచ్చిన బిందెలతోనే మీ బిడ్డలు బతికి పెద్దవాళ్ళయ్యారు. ఆ నీళ్ళు ఊరంతా తాగిన నీళ్ళు. ఇంటింటికీ మంచినీళ్ళ కొళాయి వేయించడం మీ చేతిలో ఉన్న పని కాదు, పాలించేవాళ్ళు చేయాల్సిన పని. నేను రాసిన మాట మిమ్మల్ని బాధపెట్టినందుకు మన్నించండి. దయచేసి అన్నం తినండి.

ఇక మీ ప్రశ్న. సంబంధం ఉంది. ఎంత ఉందో, ఎంత లేదో కూడా చెబుతాను, ఎందుకంటే సగం తెలిస్తేనే భయం ఎక్కువ.

1937 నుంచి 1939 దాకా ఇంగ్లండు, స్కాట్లండుల్లో 16 చోట్ల, పదమూడు వందలకు పైగా కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి ఒక సర్వే చేశారు. చేయించిన ఆయన జాన్ బాయిడ్ ఓర్. తర్వాత 1949లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న ఆయనే. పిల్లలు ఏం తింటున్నారో రాసుకోవడం అసలు పని. దాంతోపాటు ఇంట్లో ఎన్ని గదులు, ఎంతమంది మనుషులు, కొళాయి ఇంట్లోనే ఉందా, గాలి ఆడుతుందా అనేవి కూడా రాసుకున్నారు. ఆ కాగితాలు కొన్ని దశాబ్దాలు అలాగే ఉన్నాయి. తర్వాత బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని బయటికి తీసి, ఆనాటి పిల్లల్లో నాలుగు వేల మందికి పైగా ఏమయ్యారో జాడ తీశారు. ఎవరు బతికున్నారు, ఎవరు ఏ జబ్బుతో పోయారు అని చూశారు. 2001లో ఫలితం అచ్చయింది.

ఇంట్లో సొంత కొళాయి లేకుండా పెరిగిన పిల్లల్లో, పెద్దయ్యాక గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోవడం, కొళాయి ఉన్న ఇళ్ళ పిల్లల కంటే సుమారు 1.7 రెట్లు కనిపించింది. గాలి ఆడని ఇళ్ళలో పెరిగినవాళ్ళలో మొత్తం మీద మరణాలు కొంత ఎక్కువగా కనిపించాయి. బీద ఇల్లు కాబట్టి అన్నీ తక్కువే, అందువల్ల అలా వచ్చిందేమో అని మీకు సందేహం రావచ్చు. వాళ్ళకూ వచ్చింది. కుటుంబం స్థితి, పెద్దయ్యాక ఆ మనిషి స్థితి లెక్కలోకి తీసుకున్నాక చాలా సంబంధాలు బలహీనపడ్డాయి. ఈ రెండూ మాత్రం మిగిలాయి.

1.7 రెట్లు అనగానే కంగారు పడొద్దు. అర్థం కావడానికి ఒక ఊహ లెక్క చెబుతాను. కొళాయి ఉన్న ఇళ్ళ పిల్లలు వందమందిలో నలుగురు గుండె జబ్బుతో పోయారనుకోండి. లేని ఇళ్ళ పిల్లల్లో ఏడుగురు పోయారన్న మాట. మిగిలిన తొంభై ముగ్గురూ కొళాయి లేని ఇళ్ళలోనే పెరిగారు, వాళ్ళు గుండె జబ్బుతో పోలేదు. ఒక గుంపులో ముప్పు ఎంత పెరిగిందో ఈ లెక్క చెబుతుంది కానీ, మీ ఒక్కరికి స్టెంటు ఎందుకు పడిందో చెప్పలేదు. మీ అమ్మగారికి ఇది విడమరిచి చెప్పండి.

నీళ్ళకూ గుండెకూ ఏం పని అంటే, చిన్న వయసులో పదే పదే విరేచనాలు, జ్వరాలు వచ్చిన ఒంట్లో తిన్న తిండి ఎదుగుదలకు పోకుండా జబ్బుతో పోరాటానికి పోతుంది. ఎత్తు తగ్గుతుంది. ఒంట్లో వాపు గుణం చాలాకాలం నిలిచి, రక్తనాళాల లోపలి గోడను దెబ్బతీస్తుందని చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు. ఇదంతా రుజువైన సంగతి అని నేను అనను. దానికి తోడు అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు తొందరగా బడి మానేస్తాడు, ఎండలో కూలికి పోతాడు, టెన్షన్‌తో బతుకుతాడు, ఒంట్లో బాగాలేకపోయినా ఆసుపత్రికి ఆలస్యంగా వస్తాడు. ఇవన్నీ కలిసే గుండె దాకా వస్తాయి.

మీకు వచ్చిన వయసు కూడా మన దేశంలో వింత కాదు. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధనలో, దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు ఇతర ప్రాంతాల వాళ్ళ కంటే అయిదారేళ్ళు ముందే, సగటున 53 ఏళ్ళకే వస్తున్నట్టు తేలింది.

చిన్నప్పటి ఇంటిని ఇప్పుడు మార్చలేం, బీపీని మార్చగలం. మీవైపు ఎండు చేపలు, ఎండు రొయ్యలు లేకుండా పూట గడవదని నాకు తెలుసు. వాటిలో ఉప్పు బాగా ఉంటుంది. నెలకు రెండుసార్లు తినండి చాలు, అదీ బాగా నానబెట్టి కడిగి. ఊరగాయ నంజుకోవడం తగ్గించండి. స్టెంటు వేశాక ఇచ్చిన రక్తం పల్చబడే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్ర "బాగానే ఉన్నాను కదా" అని మానొద్దు. నేను చూసిన రెండో గుండెపోట్లలో చాలావాటికి ముందు జరిగింది ఆ మానేయడమే. మీ తోడబుట్టినవాళ్ళు ఎనిమిదిమందో, ఏడుగురో ఉన్నారు కదా, వాళ్ళూ అదే ఇంట్లో పెరిగారు. అందరి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఈ నెలలోనే చూపించండి. మీ ఉత్తరం వల్ల వాళ్ళలో ఒక్కరికైనా ముందే తెలిస్తే మంచిదే కదా.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర. నాకు 41. నడుము వంగదు, మోకాళ్ళు పట్టేస్తాయి, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. పళ్ళ మీద చిన్నప్పటి నుంచి పసుపు, గోధుమ రంగు చారలు. మా నాన్న ఊళ్ళో అందరికంటే ముందు ఇంట్లో బోరు వేయించారు, "నా కూతురు బిందె ఎత్తదు" అని అందరికీ చెప్పుకునేవారు. ఆ నీళ్ళే ఇరవై ఏళ్ళు తాగాను. ఇప్పుడు మా పాపకు నాలుగేళ్ళు. నీళ్ళు మరిగించి పోస్తున్నాను. సరిపోతుందా? – కనిగిరి పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. ఈ రోజు నుంచే ఆ బోరు నీళ్ళు పాపకు పోయడం ఆపండి. మీ పళ్ళ చారలు, బిగిసిన నడుము చూస్తే ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువగా ఉందనిపిస్తోంది. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. నీళ్ళు ఆవిరైపోయి ఫ్లోరైడ్ అంతా మిగిలిన నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి మరింత చిక్కబడుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు.

మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పైన చెప్పిన సర్వే ఇంగ్లండులో మొదలైన సంవత్సరం 1937 కదా. సరిగ్గా అదే సంవత్సరం మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఒక వ్యాసం అచ్చువేశారు. నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల వెన్నెముకలు బిగుసుకుపోతున్నాయి, దానికి కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని. మన దేశంలో మనుషుల ఎముకల ఫ్లోరోసిస్ గురించి తొలిగా వెలుగులోకి వచ్చిన సంగతుల్లో అది ఒకటి. అప్పటి నెల్లూరు జిల్లా అంటే పొదిలి, దర్శి, కనిగిరి కూడా. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) ఏర్పడినప్పుడు ఈ తాలూకాలు ఇటు వచ్చాయి. అంటే మా నాన్న పుట్టిన కాలం నుంచే మన నీళ్ళ సంగతి పుస్తకాల్లో ఉంది. మీకు చారల పళ్ళు వచ్చేదాకా ఆ సంగతి మీ ఇంటి తలుపు తట్టలేదు. నాకు దాని మీద కోపం ఉంది, దాచుకోను. మా ఊళ్ళో నలభై దాటేసరికి కర్ర పట్టుకున్న మామయ్యలను చూసి, వయసు మీదపడింది అనుకున్నాం.

మీ నాన్నగారి బోరు గురించి మనసు కష్టపెట్టుకోవద్దు. ఇంట్లోకి నీళ్ళు రావడం మంచిదే. ఆ నీళ్ళు ఏ రాళ్ళలోంచి వస్తున్నాయన్నది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్ళు అని అందరం నమ్మాం. మనవైపు గట్టి రాతి పొరల్లో లోతు బోర్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే చోట్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు పాప సంగతి, ఇదే ముఖ్యం. శాశ్వత దంతాల పైపూత సుమారు ఎనిమిదేళ్ళ లోపు తయారవుతుంది. ఎదిగే ఎముక పెద్దవాళ్ళ ఎముక కంటే ఎక్కువ ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుకుంటుంది. కాబట్టి రాబోయే నాలుగేళ్ళు మీ చేతిలో ఉన్న బంగారు కాలం. బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళ ప్రయోగశాలలో ఇవ్వండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది మన దేశ ప్రమాణం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5. అంతకు మించితే ఆ నీళ్ళు స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోండి. తాగడానికి, వంటకు మాత్రం వాడొద్దు. వంటకు అన్న మాట గుర్తుంచుకోండి. తాగడానికి క్యాను కొని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్ళతో వండే ఇళ్ళు ఎన్నో చూశాను. సాగర్ నీళ్ళ పథకం కొళాయి మీ ఊరికి వస్తుంటే అవి పట్టుకోండి. లేదా ఆర్వో నీళ్ళు. శ్లాబు ఉన్న ఇల్లయితే తొలి వానలు వదిలేసి తర్వాతి వాన నీళ్ళు మూత ఉన్న తొట్టిలో పట్టుకుని, మరిగించి వాడుకోవచ్చు. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు.

పాపకు రోజూ పాలు, రాగి జావ, మునగాకు, ఉసిరికాయో నిమ్మకాయో ఉండేట్టు చూడండి. కాల్షియం, సి విటమిన్ అందితే నష్టం తగ్గుతుంది. టీ అలవాటు చేయొద్దు, టీ ఆకులో ఫ్లోరైడ్ ఉంటుంది. పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వొద్దు.

ఇక మీరు. ముంజేతికి, నడుముకు ఎక్స్‌రే తీయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఎముకల డాక్టరుకు విషయం స్పష్టమవుతుంది. బిగిసినది పూర్తిగా వెనక్కి రాదు, ఆ మాట మీకు దాచను. నీళ్ళు మార్చితే ముదరడం ఆగుతుంది, చాలామందికి నొప్పి తగ్గుతుంది కూడా. కాళ్ళు తిమ్మిరెక్కినా, నడక తడబడినా, మూత్రం పట్టు తప్పినా వెన్నుపాము నలుగుతోందన్న మాట. ఒక్క రోజు ఆగకుండా నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని మనవైపు ఎదురు చూస్తూనే ఉన్నాం. అవి వచ్చేదాకా పాప ఎముకలు ఆగవు కదమ్మా.

ప్రశ్న: కడుపులో పుండు ఉందని, హెచ్. పైలోరి అనే క్రిమి కనపడిందని 14 రోజుల మందులు ఇచ్చారు. చిన్నప్పుడే సోకి ఉంటుందన్నారు. ముప్పై ఏళ్ళు కడుపులో క్రిమి ఉంటుందా? – కావలి

జవాబు: ఉంటుంది. మన దేశంలో ఎక్కువమందికి పదేళ్ళ లోపే సోకుతుంది. ఇరుకు ఇల్లు, ఒకే పక్క, ఒకే గ్లాసు, శుభ్రం లేని నీళ్ళు దానికి దారి. మందులు పడితే తప్ప జీవితాంతం ఉంటుంది. చాలామందికి ఏ బాధా ఉండదు, కొందరికి పుండు, అతి కొద్దిమందికి కడుపు క్యాన్సరు. పుళ్ళకు కారం, దిగులు కారణమని అందరూ నమ్మే రోజుల్లో, ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు 1982లో ఈ క్రిమిని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ తనే ఆ క్రిమిని తాగి కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. 14 రోజులూ ఒక్క మాత్ర తప్పకుండా వేసుకోండి. ముగిసిన నాలుగు వారాల తర్వాత పోయిందో లేదో పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: సిమెంటు రేకుల ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం. రేకుల వల్ల క్యాన్సరు వస్తుందట కదా? పిల్లలతో ఇల్లు ఖాళీ చేయమంటారా? – గూడూరు

జవాబు: రేకు చెక్కుచెదరకుండా ఉంటే ఖాళీ చేయక్కర్లేదు. ఈ రేకుల్లో ఎక్కువగా ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. ఆ పీచు క్యాన్సరు కారకమే. సిమెంటులో బిగిసి ఉన్నంతసేపు తక్కువగా బయటికి వస్తుంది. రంపంతో కోసినప్పుడు, బెజ్జాలు వేసినప్పుడు, పగిలిన ముక్కలు నలిగి పొడి అయినప్పుడు గాల్లోకి లేస్తుంది. పీల్చిన ఇరవై, నలభై ఏళ్ళకు కూడా జబ్బు బయటపడవచ్చు. కాబట్టి కోయించాల్సి వస్తే తడిపి కోయించండి, పిల్లలను అటు రానివ్వొద్దు, పొడి చీపురుతో ఊడవొద్దు. పగిలిన ముక్కలు కోళ్ళ గూటికి, స్నానాల గది అడ్డుకు వాడటం మానేయండి. కొత్తగా కట్టేవాళ్ళు ఈ రేకు వేయకపోవడమే మంచిది. మీ పిల్లలకు ఈ ఏడాదే వచ్చే ముప్పు మాత్రం రేకు కింది వేడి. రేకు మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయండి, లోపల తాటాకు తడికలు కట్టండి.

ప్రశ్న: నెల్లూరులో సందులో ఒక గది అద్దెకు ఉంటున్నాం. మేమిద్దరం, మా అత్తగారు, ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. తలుపు ఒక్కటే, కిటికీ లేదు. వంట కూడా అందులోనే, గ్యాస్ స్టవ్ మీద. కార్తీక మాసం వానలకు గోడలు చెమ్మ పట్టి నల్ల బూజు వచ్చింది, అప్పటి నుంచి పాపకు పిల్లికూతలు. దోమలకు రాత్రంతా కాయిల్ పెడతాం. వేరే ఇల్లు తీసుకునే స్తోమత లేదు. పిల్లల ఆరోగ్యం ఇలాగే పాడైపోతుందా? – నెల్లూరు గృహిణి

జవాబు: పాడైపోదమ్మా. మీ చేతిలో ఉన్నవి చెబుతాను, అవి చిన్నవి కావు.

ముందు కాయిల్ తీసేయండి. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని నుసి 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చే నుసితో సమానమని 2003లో పరిశోధకులు కొలిచి చెప్పారు. కిటికీ లేని గదిలో రాత్రంతా అంటే పాప ఊపిరితిత్తుల మీద ఎంత బరువో చూడండి. దోమతెర కొనండి. పెద్దది ఒకటి కొని, అందరూ పడుకునే చోట పైనుంచి దించి కట్టండి.

ఊపిరితిత్తులు ఇరవై ఏళ్ళు దాటేదాకా ఎదుగుతూనే ఉంటాయి. చిన్నప్పుడు పొగ, చెమ్మ, పదే పదే ఆయాసం వచ్చిన పిల్లల్లో ఆ ఎదుగుదల కొంత కురచగా ఆగిపోతుంది. యాభై ఏళ్ళకు ఊపిరి తగ్గడం అందరికీ మామూలే, తక్కువ నిల్వతో మొదలైనవాళ్ళు ముందుగా అలసిపోతారు. మీ పాపకు మూడేళ్ళే. ఎదిగే కాలం చాలా ఉంది. పిల్లికూతలకు పీల్చే మందు ఇస్తే "అలవాటు పడుతుంది" అని భయపడి ఆపకండి. మాత్రల కంటే అదే మేలు.

బూజును పొడిగా గోకొద్దు. సబ్బు నీళ్ళతో తుడిచి, ఆరాక సున్నం వేయండి. ఉతికిన బట్టలు లోపల ఆరేయొద్దు. వంట చేసేటప్పుడు తలుపు తెరిచి, టేబుల్ ఫ్యాను ముఖం బయటికి తిప్పి గుమ్మం దగ్గర పెట్టండి, లోపలి గాలిని బయటికి నెడుతుంది. ఇంటి యజమానిని కిటికీ అడిగితే ఒప్పుకోకపోవచ్చు. తలుపు పైన రెండు ఇటుకలు తీసి జాలీ పెట్టిస్తామని, ఖర్చు మేమే పెట్టుకుంటామని అడగండి. ఎదుటి గోడకు కూడా పైన అలాంటిదే ఒకటి ఉంటే గాలికి దారి దొరుకుతుంది. అత్తగారికి రెండు వారాలు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి. అలాంటి గదిలో క్షయ ఒకరి నుంచి ఒకరికి తొందరగా పోతుంది.

బాబుకు ఆరేళ్ళు అన్నారు. అందుకే ఒక ఇంటి సంగతి చెప్పాలి. మా పెద్దక్కకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ముసురులో గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. అప్పట్లో మేం పిల్లలం ఆరుగురం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేది. ఆ గొంతు నొప్పి అందరికీ వచ్చి పోయింది. అక్కకు మాత్రం మూడు వారాల తర్వాత మోకాలు వాచింది, అది తగ్గి మడమ వాచింది, తర్వాత మోచెయ్యి. అమ్మ ఆముదం రాసి కాపడం పెట్టింది. తగ్గిపోయింది. అందరం మరిచిపోయాం. ఇరవై ఒకటో ఏట అక్క ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో ఒంగోలు తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. గుండెలో ఒక కవాటం సన్నబడిపోయిందని, చిన్నప్పటి ఆ కీళ్ళ జ్వరమే దానికి మూలమని అక్కడి డాక్టరు నాన్నకు చెప్పారు. అక్క దక్కలేదు, బిడ్డా దక్కలేదు. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. నేను డాక్టర్నయ్యింది అందుకే.

దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి వల్ల వచ్చే గొంతు నొప్పితో మొదలవుతుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకు, అందులోనూ ఇరుకు ఇళ్ళ పిల్లలకు ఎక్కువ. అప్పటికే పెన్సిలిన్ వచ్చి పాతికేళ్ళు దాటింది. మా చాప దాకా రాలేదు అంతే. బాబుకు జ్వరంతో, దగ్గు జలుబు లేకుండా, మింగలేనంత గొంతు నొప్పి వస్తే డాక్టరుకు చూపించి, ఇచ్చిన మందు పూర్తి కోర్సు వాడండి. కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాస్తే అసలు ఆలస్యం వద్దు. ఈ జబ్బు ఒకసారి తేలిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి ఇస్తారు. నొప్పి అని పిల్లలు ఏడుస్తారు, తల్లులు మాన్పించేస్తారు. మాన్పించొద్దు. పడుకునేటప్పుడు పిల్లలిద్దరినీ తలలు చెరో వైపు ఉండేట్టు పడుకోబెట్టండి. గది ఎంత చిన్నదైనా ఆ మాత్రం దూరం దొరుకుతుంది.

ప్రశ్న: ఒంగోలు పక్క కాలనీలో సెంటు స్థలం వచ్చింది. పునాది అయింది, గోడలు లేపాలి. నేను ఆటో తోలుతాను, డబ్బులు లెక్కగా ఉన్నాయి. ముందు గదికి టైల్సు, సీలింగు వేయిద్దామని మా ఆవిడ అంటోంది. పిల్లలిద్దరు. ఆరోగ్యం కోసం ముందు దేనికి ఖర్చు పెట్టాలి? – ఒంగోలు

జవాబు: గోడలు లేవకముందే అడిగారు, చాలా సంతోషం. సెంటు అంటే 48 గజాలు. అందులో ఇద్దరు పిల్లలు పెరగాలి కాబట్టి ఒక్కో అడుగూ విలువైనదే. టైల్సు మూడేళ్ళ తర్వాత కూడా వేయించుకోవచ్చు. కిటికీ తర్వాత పెట్టించాలంటే గోడ పగలగొట్టాలి.

పిల్లలు పడుకునే గదికి ఎదురెదురు గోడల్లో రెండు కిటికీలు పెట్టించండి. పక్కిల్లు ఆనుకుని ఉండి కుదరకపోతే ఒకటి గోడకు, ఒకటి పైన వెంటిలేటరు. మనవైపు సాయంత్రం సముద్రం గాలి తూర్పు నుంచి వస్తుంది, ఆ దిక్కున ఒకటి ఉండేట్టు చూడండి. రెండింటికీ దోమల జాలీ బిగించండి. జాలీ లేని కిటికీ మన ఊళ్ళలో ఎప్పుడూ మూసే ఉంటుంది. మరుగుదొడ్డి దగ్గర చేతులు కడుక్కునే కొళాయి ఒకటి పెట్టించండి, దాన్ని మర్చిపోతుంటారు. తాగే నీళ్ళ తొట్టికి మూత కావాలి. సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు మధ్య సాధ్యమైనంత దూరం ఉంచండి. ఇంత చిన్న స్థలంలో అది కష్టమే. కాబట్టి బోరు వేయించేముందు పక్కవాళ్ళ ట్యాంకు ఎక్కడుందో కూడా చూసుకోండి.

వంటగది గురించి మీ ఆవిడకు నేను చెబుతున్నానని చెప్పండి. మా అమ్మ చుట్ట, బీడీ ఎరగదు. నలభై ఏళ్ళు కందికంప, పొగాకు కట్టె పెట్టి వండింది. మా పల్లెల్లో పొగాకు ఆకు కొట్టేశాక మిగిలిన కట్టే పొయ్యిలోకి. చూరు దాకా నల్లగా మసి. అరవై దాటాక అమ్మ నాలుగు మెట్లు ఎక్కలేకపోయింది. ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఈమె చుట్ట తాగుతుందా" అని నన్ను అడిగారు. ఇంటి పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మీకు గ్యాస్ ఉండవచ్చు. సిలిండరు అయిపోయిన వారం, స్నానాలకు నీళ్ళు కాచుకునే రోజు మళ్ళీ కట్టెలే. ఆ కట్టెల పొయ్యి ఇంట్లో కాకుండా బయట ఉండేట్టు వెనక నాలుగడుగులు వదలండి. లోపల స్టవ్ పైన గోడకు, తల కంటే ఎత్తులో, ఎగ్జాస్ట్ ఫ్యానుకు కన్నం ఇప్పుడే వదిలిపెట్టమనండి. ఫ్యాను తర్వాత కొనుక్కోవచ్చు.

మేస్త్రీలు ఎదురు కిటికీ అంటే వాస్తు అనో, గోడ బలం అనో అడ్డు చెబుతారు. చెబితే ఈ పేజీ చూపించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఇంటి ప్లాను కాగితం ఫొటో తీసి పంపండి, గోడలు లేచేలోపు నేను చూసి రాస్తాను.